పిండ మార్పిడి: ‘మన ఆవుకు పెట్టించమంటావా?’ అని ఊరి నుంచి ఫోన్ వస్తే ఏం చెప్పాలి?

2025 మొదట్లో మీ వాట్సాప్‌లోకి కూడా ఒక తెల్లావు వచ్చే ఉంటుంది. బ్రెజిల్‌లో దాదాపు 40 కోట్ల రూపాయల విలువ కట్టిన ఆవు, అదీ మన ఒంగోలు జాతిదేనంటూ ఫొటోలు, వీడియోలు తిరిగాయి. వార్త నిజమే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి ఓడల మీద వెళ్లిన పశువుల సంతతినే అక్కడ నెలోర్ అంటారు. అయితే ఆ వార్తను షేర్ చేసిన వాళ్లలో చాలామంది దాని పూర్తి పేరు చూసి ఉండరు. వియాటినా-19 ఎఫ్‌ఐవీ మారా ఇమోవెయిస్. మధ్యలో ఉన్న ‘ఎఫ్‌ఐవీ’ పోర్చుగీసు వాళ్ల ఐవీఎఫ్. అంటే ఆ ఆవు ల్యాబ్‌లో పిండంగా మొదలై, వేరే ఆవు కడుపులో పెరిగి పుట్టింది.

ఇప్పుడు అదే పద్ధతి మన ఊళ్ల వైపు వస్తోంది. కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది, సబ్సిడీ ఉంది, కొన్ని చోట్ల పాల సంఘాలు దగ్గరుండి చేయిస్తున్నాయి. మీరు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో ఉంటే, ఏదో ఒక రోజు ఊరి నుంచి నాన్నో బాబాయో ఫోన్ చేస్తారు. ‘సూది వద్దంట, పిండం పెడతారంట, పెట్టించమంటావా?’ అని అడుగుతారు. ఫోన్‌లో గూగుల్ చూసి చెబుతారని వాళ్ల నమ్మకం. మీరు వెతికితే కనిపించేది ఎక్కువగా రెండు రకాలు: ‘పాల విప్లవం’ అనే ప్రెస్‌నోట్లు, లేదంటే అర్థం కాని పరిశోధన పత్రాలు. ఆ రెండింటికీ మధ్య ఉన్న విషయమే ఈ కథనం. దూడ ఎంత గొప్పది పుడుతుందనే దాని గురించి అందరూ చెబుతారు. అసలు చూడి నిలుస్తుందా లేదా అనేది దేని మీద ఆధారపడి ఉంటుందో మాత్రం తక్కువమందే చెబుతారు.

గర్భసంచి ఒకరిది, దూడ మరొకరిది

ముందుగా పద్ధతి. మామూలుగా ఆవు ఎదకు వస్తే గోపాలమిత్ర వచ్చి వీర్యం స్ట్రాతో సూది వేస్తాడు. అండం ఆ ఆవుదే, గర్భసంచి ఆ ఆవుదే. బయటి నుంచి వచ్చేది ఆంబోతు వీర్యం ఒక్కటే. ఎంత మంచి వీర్యం తెచ్చినా దూడలో సగం జన్యువులు ఆ ఆవువే.

పిండ మార్పిడిలో ఆ సగం కూడా బయటి నుంచే వస్తుంది. ఎక్కువ పాలిచ్చే ఒక ఆవును దాతగా ఎంచుకుంటారు. పాత పద్ధతిలో ఆ ఆవుకు నాలుగు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఒకే ఎదలో ఎక్కువ అండాలు విడుదలయ్యేలా చేసి, సూది వేసి, ఏడో రోజున గర్భసంచిని ఒక ద్రవంతో కడిగి పిండాలను బయటకు తీస్తారు. ఒక్కో విడతలో సగటున అయిదారు పనికొచ్చే పిండాలు దొరికితే బాగా దొరికినట్టే. ఒక్కోసారి ఒక్కటీ దొరకదు.

కొత్త పద్ధతి ఐవీఎఫ్. అల్ట్రాసౌండ్ సాయంతో సన్నటి సూదిని లోపలికి పంపి, అండాశయం నుంచి నేరుగా అండాలను లాగుతారు. ల్యాబ్‌లో వీర్యంతో కలిపి, వారం పాటు ఇంక్యుబేటర్‌లో పెంచుతారు. హార్మోన్లు వాడకుండానే ఒకటి రెండు వారాలకోసారి ఇలా తీయొచ్చు. చూడితో ఉన్న ఆవు నుంచి కూడా తొలి నెలల్లో తీయొచ్చు. మామూలుగా జీవితకాలంలో అయిదారు ఈతలు ఈనే ఆవు నుంచి ఈ పద్ధతిలో ఏడాదికే పదుల సంఖ్యలో పిండాలు వస్తాయి.

ఆ ఏడు రోజుల పిండాన్ని మీ నాన్న ఆవు కడుపులో పెడతారు. ఇక్కడ మీ ఆవు పని మోయడం, ఈనడం, జున్నుపాలు తాగించడం. దూడకు దాని జన్యువులు ఒక్కటీ రావు. తిరుపతిలో టీటీడీ గోశాలలో 2023లో ఒంగోలు ఆవు సాహివాల్ దూడను ఈనడం ఇలాంటిదే. చూసేవాళ్లకు వింత, జన్యువుల లెక్కలో మాత్రం అది నికార్సైన సాహివాల్.

ఇక్కడే నాన్నకు ముందుగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పిండం పెట్టించినంత మాత్రాన ఇంట్లో ఉన్న ఆవు పాలు పెరగవు. ఈనాక అది ఎప్పుడూ ఇచ్చేంతే ఇస్తుంది. లాభం ఏదైనా ఉంటే పుట్టిన పెయ్యదూడ పెరిగి, ఎదకొచ్చి, తాను ఈనాకే. అంటే పెట్టించిన రోజు నుంచి మూడేళ్లకు పైనే. దళారి ఎవరైనా వచ్చి ‘పాలు రెట్టింపు’ అంటే అతను ఈ మూడేళ్ల సంగతి దాచిపెడుతున్నాడని అర్థం.

పదిలో నాలుగు

పెట్టిన ప్రతి పిండమూ నిలవదు. బాగా నడిచే కేంద్రాల్లో, హార్మోన్ పద్ధతిలో తీసిన తాజా పిండాలు వంద పెడితే సుమారు 60 దాకా నిలుస్తాయి. ఐవీఎఫ్ పిండాలు తాజావైతే 40 నుంచి 45. గడ్డకట్టించి నిల్వ చేసినవైతే అంతకన్నా తక్కువ. నిలిచిన వాటిలోనూ ఐవీఎఫ్ చూడులు మధ్యలో పోవడం మామూలు చూడుల కంటే ఎక్కువ. ఇది అన్ని దేశాల్లోనూ కనిపించే విషయమే, మన డాక్టర్ల తప్పు కాదు.

కాబట్టి పది ఆవులకు పెడితే నాలుగింట్లో నిలిచిందంటే పథకం విఫలమైనట్టు కాదు. కానీ మీ ఇంట్లో ఉన్నది పది ఆవులు కాదు, ఒకటో రెండో. పెద్ద ఫారానికి నలభై శాతం అంటే ఒక లెక్క. ఒంటి ఆవు ఉన్న ఇంటికి అది బొమ్మా బొరుసూ లాంటిదే, అందులోనూ బొరుసు వైపే కాస్త మొగ్గు. నిలవకపోతే ఆవు మళ్లీ ఎదకు రావడానికి 21 రోజులు. రెండుసార్లు పొర్లితే 42 రోజులు. ఆ రోజులన్నీ మేత ఖర్చు మామూలే, తర్వాతి ఈత మాత్రం వెనక్కి జరుగుతుంది.

‘మూడుసార్లు పెడితే ఏదో ఒకసారి నిలుస్తుందిలే’ అనిపించొచ్చు. కాగితం మీద అది నిజమే. ప్రతిసారీ నలభై శాతం అవకాశం ఉంటే, మూడు ప్రయత్నాల్లో పదింటికి దాదాపు ఎనిమిది నిలవాలి. వాస్తవంలో అలా ఉండదు. మొదటిసారి నిలవని ఆవుల్లో, అసలు నిలుపుకునే గుణమే తక్కువ ఉన్నవి ఎక్కువ శాతం ఉంటాయి. రెండోసారికి వాటి అవకాశం నలభై కన్నా తగ్గుతుంది. ఆవుకూ ఆవుకూ తేడా ఉంది. ఆ తేడాలో కొంత మేతది, కొంత జబ్బులది, కొంత పుట్టుకతో వచ్చింది.

కడుపులో ఏం జరుగుతుంది?

ఏడో రోజున పెట్టిన పిండం కంటికి కనిపించీ కనిపించనంత చిన్నది. అది వెంటనే గర్భసంచి గోడకు అతుక్కోదు. రెండో వారమంతా తేలుతూ, దారంలా సాగుతూ ఉంటుంది. సుమారు పదహారో రోజుకు అది ఇంటర్‌ఫెరాన్-టౌ అనే ప్రొటీన్ విడుదల చేస్తుంది. ‘నేనున్నాను, మళ్లీ ఎదకు రావద్దు’ అని తల్లికి పంపే కబురు అది. ఆ కబురు సమయానికి, సరిపడా అందితే ప్రొజెస్టరాన్ హార్మోన్ కొనసాగుతుంది, చూడి నిలుస్తుంది. పిండం బలహీనంగా ఉండి కబురు ఆలస్యమైనా, తల్లి ప్రొజెస్టరాన్ తక్కువై పిండం సరిగ్గా సాగకపోయినా, ఆవు మామూలుగా 21వ రోజున ఎదకు వచ్చేస్తుంది. ఇంట్లో వాళ్లకు కనిపించేది ‘పొర్లింది’ అనే ఒక్క మాటే.

అందుకే పెట్టే ఆవు ఎద తేదీ పిండం వయసుతో ఒకటి రెండు రోజుల తేడా మించకుండా కలవాలి. ఏడు రోజుల పిండాన్ని ఎదకొచ్చి మూడు రోజులే అయిన ఆవులో పెడితే ప్రయోజనం లేదు. ఇక్కడ ఎద గుర్తించడం, తేదీ రాసి పెట్టుకోవడం అనే పాత పనే ల్యాబ్ మొత్తం కంటే ముఖ్యమైపోతుంది. తీగలు వేసింది ఉదయమా సాయంత్రమా అనేది అమ్మకు గుర్తుంటుంది కానీ కాగితం మీద ఉండదు. వాట్సాప్‌లో మీకొక ఫొటో పెట్టమనండి, తేదీ, టైమ్ దానంతట అదే నమోదవుతుంది.

ఎండాకాలానికి సంబంధించిన మంచి కబురు కూడా ఒకటుంది. ఫలదీకరణ జరిగిన తొలి రెండు మూడు రోజుల్లో పిండం ఎండ వేడికి అసలు తట్టుకోలేదు. ఆవు ఒంటి వేడి కాస్త పెరిగినా చనిపోతుంది. ఏడో రోజుకు దానికి కొంత ఓర్పు వస్తుంది. ఐవీఎఫ్‌లో ఆ తొలి రోజులు ఇంక్యుబేటర్‌లోనే గడిచిపోతాయి కాబట్టి, మండు వేసవిలో మామూలు సూది కంటే పిండ మార్పిడి మెరుగ్గా నిలుస్తుందని అమెరికాలోని ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలు చూపించాయి. ఫ్లోరిడా మనలాగే ఉక్కపోత ఉన్న చోటు. అలాగని మధ్యాహ్నం రేకుల షెడ్డులో కట్టేసిన ఆవుకు పెట్టించమని కాదు.

పాలు పెంచుకుంటూ పోతే చూడి తగ్గింది

చూడి నిలుపుకునే గుణం వంశపారంపర్యంగా వస్తుందా? వస్తుంది, కానీ పాల దిగుబడి వచ్చినంత స్పష్టంగా కాదు. దీని మీద అందరికంటే ఎక్కువ లెక్కలున్నది అమెరికాలో. అక్కడి నలుపు తెలుపు హోల్‌స్టీన్ ఆవుల్లో (మనం హెచ్‌ఎఫ్ అంటాం) 1960ల నుంచి పాల కోసమే ఆంబోతులను ఎంచుకుంటూ పోయారు. పాలు ఏటికేడు పెరిగాయి. దాంతోపాటే చూడి కట్టడం తగ్గుతూ వచ్చింది. పాలను పెంచే జన్యువుల్లో కొన్ని, ఈనిన కొత్తలో ఆవు ఒంట్లోని కొవ్వును కరిగించి పాలలోకి మళ్లిస్తాయి. ఒళ్లు తగ్గిన ఆవు ఎదకు ఆలస్యంగా వస్తుంది, వచ్చినా సరిగ్గా నిలుపుకోదు.

2003లో అక్కడి వ్యవసాయ శాఖ ఒక కొత్త కొలమానం తెచ్చింది. ఒక ఆంబోతు కూతుళ్లలో, చూడి లేని ఆవులు ప్రతి 21 రోజులకు ఎంత శాతం చూడి కడుతున్నాయనేదే ఆ లెక్క. పాలతో పాటు దీన్ని కూడా చూసి ఆంబోతులను ఎంచుకోవడం మొదలుపెట్టాక పతనం ఆగింది, తర్వాత మెల్లగా మెరుగైంది. నార్వే అయితే 1970ల నుంచే తన ఎర్ర ఆవుల ఎంపికలో సంతాన గుణాన్ని లెక్కలోకి తీసుకుంటోంది.

ఇక్కడ చాలామంది పొరబడే అంకె ఒకటుంది. ఆ గుణం వంశానుగత శాతం కేవలం 4 దాకా. అంటే ఆవుల మధ్య కనిపించే తేడాలో వందకు నాలుగు పాళ్లే వారసత్వం. మిగతా 96 పాళ్లు మేత, ఎండ, ఎద గుర్తించడం, సూది వేసిన చెయ్యి. ‘నాలుగే కదా, వదిలేయొచ్చు’ అని కొందరు పాల నిపుణులు కూడా అనుకున్నారు. కానీ నాలుగు శాతం అంటే ఒక ఆవును చూసి చెప్పలేమని మాత్రమే. ఒక ఆంబోతుకు వేల కూతుళ్లున్నప్పుడు వాటి సగటులో తేడా స్పష్టంగా బయటపడుతుంది. అందుకే ఈ లెక్కకు వేల రికార్డులు కావాలి. మన దగ్గర అసలు ఇబ్బంది అక్కడే, దాని సంగతి కింద చూద్దాం.

వారసత్వం ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఐర్లాండ్‌లో ఒక ప్రయోగం చక్కగా చూపించింది. 2012లో వచ్చిన ఆ అధ్యయనంలో, పాల సామర్థ్యం దాదాపు ఒకేలా ఉన్న ఆవులను రెండు గుంపులుగా తీసుకున్నారు. ఒక గుంపుది సంతాన గుణం బాగున్న వంశం, రెండోది బాగాలేనిది. ఒకే పచ్చిక, ఒకే యాజమాన్యం. మంచి వంశపు ఆవులు ఈనాక త్వరగా ఎదకు వచ్చాయి, గర్భసంచి త్వరగా శుభ్రపడింది, ఒళ్లు తగ్గలేదు, ప్రొజెస్టరాన్ ఎక్కువగా ఉంది. పాలలో వెనకబడలేదు కూడా. పైన చెప్పిన పదహారో రోజు కబురు గుర్తుంది కదా. పిండాన్ని నిలుపుకోవడానికి ఏవేవి కావాలో అవన్నీ ఈ ఆవుల్లో పుట్టుకతోనే మెరుగ్గా ఉన్నాయి. దూడకు జన్యువులు ఇవ్వకపోయినా, మోసే ఆవు వంశం ముఖ్యమేనని చెప్పడానికి కారణం ఇదే.

చీఫ్ అనే ఆంబోతు మిగిల్చిన అప్పు

మోసే ఆవు ఎంత మంచిదైనా పిండంలోనే లోపం ఉంటే ఏమీ చేయలేదు. దీనికి పశువుల చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది.

1962లో పుట్టిన పానీ ఫామ్ అర్లిండా చీఫ్ అనే హోల్‌స్టీన్ ఆంబోతుకు 16 వేల మంది కూతుళ్లు. మనవరాళ్లు 5 లక్షలు. మునిమనవరాళ్లు 20 లక్షల పైనే. అమెరికా హోల్‌స్టీన్ ఆవుల జన్యుసంపదలో దాదాపు 14 శాతం దీని నుంచి వచ్చిందేనని అంచనా. పాలు విపరీతంగా పెంచే వంశం కావడంతో దీని వీర్యం ప్రపంచమంతా వెళ్లింది. ఆ ఒంట్లోనే ఏపీఏఎఫ్1 అనే జన్యువులో ఒక చిన్న తప్పు కూడా ఉంది. ఒక్క ప్రతి ఉంటే పశువుకు ఏమీ కాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తే మాత్రం దూడ కడుపులోనే పోతుంది.

2011లో అమెరికా శాస్త్రవేత్తలు వేల ఆవుల డీఎన్‌ఏ చూస్తూ ఒక విచిత్రం గమనించారు. క్రోమోజోముల్లోని కొన్ని ముక్కలు ఒక్క ప్రతిగా చాలా పశువుల్లో ఉన్నాయి, రెండు ప్రతులుగా మాత్రం బతికున్న ఒక్క పశువులోనూ లేవు. రెండు ప్రతులు వచ్చినవి అసలు పుట్టనే లేదన్నమాట. చచ్చిన వాటిని చూడకుండా, బతికిన వాటిలో కనిపించని దాన్ని బట్టి పట్టుకున్నారు. ఇందులో చీఫ్ వంశం నుంచి వచ్చిన దానికి హెచ్‌హెచ్1 అని పేరు పెట్టారు. ఈ ఒక్క తప్పు వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 5.25 లక్షల గర్భస్రావాలు జరిగాయని, నష్టం 42 కోట్ల డాలర్లని 2016లో లెక్క తేల్చారు. అదే ఆంబోతు పాల రూపంలో ఇచ్చిన లాభం అంతకు ఎన్నో రెట్లు, అది వేరే సంగతి.

పిండ మార్పిడికి దీనితో సంబంధం ఏమిటంటారా? దాత ఆవు, ఆంబోతు ఇద్దరిలోనూ ఇలాంటి ఒకే లోపం ఒక్కో ప్రతి ఉంటే, వాటి పిండాల్లో నాలుగో వంతు బతకవు. మామూలు సూది పద్ధతిలో ఒక జంటకు ఏడాదికి ఒక్క దూడ, కాబట్టి నష్టం చిన్నది. ఐవీఎఫ్‌లో అదే జంట నుంచి యాభై పిండాలు చేసి యాభై ఇళ్లకు పంపితే తప్పు కూడా యాభై ఇళ్లకు వెళుతుంది. పైగా హెచ్‌హెచ్1 లాంటి లోపమున్న పిండం ఏడో రోజున మైక్రోస్కోప్ కింద బాగానే కనిపిస్తుంది, నెల రోజుల స్కాన్‌లోనూ కనిపించి తర్వాత పోవచ్చు. రైతు తన మేతనో, డాక్టర్ చేతినో తిట్టుకుంటాడు.

మన వీర్య కేంద్రాల్లో హెచ్‌ఎఫ్, వాటి సంకర ఆంబోతులకు బ్లాడ్, డంప్స్, సిట్రులినీమియా, ఫ్యాక్టర్-11 లోపం అనే నాలుగు జన్యు పరీక్షలు తప్పనిసరి. వీటిలో డంప్స్ అచ్చంగా సంతాన సమస్యే. రెండు ప్రతులు వస్తే పిండం సుమారు నలభై రోజులకు పోతుంది. ఆంబోతుకు ఇంత వడపోత ఉంది. దాత ఆవుకు కూడా అదే వడపోత ఉందా అని అడగడం రైతు హక్కు, అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఒంగోలు ముందు, గేదె వెనక

మళ్లీ బ్రెజిల్‌కు వద్దాం. ఐవీఎఫ్ పిండాల్లో ఆ దేశం ప్రపంచంలో ముందు వరుసలోకి వెళ్లడానికి ఒక కారణం అక్కడి డాక్టర్ల నైపుణ్యం, రెండోది మన పశువుల అండాశయాలు. నెలోర్, గిర్ వంటి మూపురం పశువుల్లో ఒకేసారి పెరిగే అండకోశాలు హోల్‌స్టీన్ కంటే చాలా ఎక్కువ. ఒక్క విడతలో ఎక్కువ అండాలు దొరుకుతాయి. రక్తంలో ఏఎంహెచ్ అనే హార్మోన్ కొలిస్తే ఏ ఆవు దగ్గర ఎక్కువ దొరుకుతాయో ముందే అంచనా వేయొచ్చు. ఈ గుణం వంశపారంపర్యంగా రావడం కూడా చూడి గుణం కంటే చాలా బలంగా ఉంటుంది. నాలుగు శాతం లాంటి అంకె కాదు, అధ్యయనాల్లో దాదాపు మూడో వంతు దాకా కనిపించింది. అంటే మంచి దాత కూతురు కూడా మంచి దాత అయ్యే అవకాశం బాగానే ఉంది.

చిన్న హెచ్చరిక. బ్రెజిల్ నెలోర్‌ను పెంచేది మాంసానికి. వియాటినా ధరకూ పాలకూ సంబంధం లేదు. పాల కోసం వాళ్లు గిర్‌ను, హోల్‌స్టీన్‌తో కలిపిన గిరోలాండోను వాడతారు.

మన రెండు రాష్ట్రాల్లో పాలంటే సగం కథ గేదెలది, అక్కడ పరిస్థితి తిరగబడుతుంది. గేదె అండాశయంలో అండాల నిల్వే తక్కువ. హార్మోన్లకు స్పందన కూడా అంతంతే. ఎద లక్షణాలు పైకి కనిపించవు, మూగ ఎద. ప్రపంచంలో తొలి ఐవీఎఫ్ గేదె దూడ ‘ప్రథమ్’ 1990లోనే మన కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో పుట్టింది. ఇన్నేళ్లకూ అది ఊరూరా చేరకపోవడానికి పై కారణాలే ప్రధానం. ముర్రా గేదెకు పిండం పెట్టిస్తామని ఎవరైనా వస్తే ఆవుల అంకెలు చూపించి ఒప్పించనివ్వకండి. గేదెల్లో ఎన్నింటికి పెట్టారు, ఎన్ని ఈనాయి అని విడిగా అడగండి.

ప్రభుత్వం ఏమిస్తోంది?

2014 డిసెంబరులో మొదలైన రాష్ట్రీయ గోకుల్ మిషన్ కిందే ఇవన్నీ నడుస్తున్నాయి. ఐవీఎఫ్ ద్వారా నిలిచిన ఒక్కో చూడికి రైతుకు 5,000 రూపాయల ప్రోత్సాహకం ఉంది. ‘నిలిచిన’ అనే మాట గట్టిగా పట్టుకోండి. పెట్టినందుకు కాదు, చూడి ఖాయమైనందుకు. కాబట్టి పిండం పెట్టే రోజే పూర్తి డబ్బు అడుగుతున్నారంటే ఆ లెక్క వేరే అని అనుమానించాలి. 2025 మార్చిలో పథకాన్ని సవరించి, మేలుజాతి ఐవీఎఫ్ పెయ్యలు కొనడానికి పాల సంఘాల నుంచో బ్యాంకుల నుంచో తీసుకునే అప్పుపై 3 శాతం వడ్డీ రాయితీ కూడా చేర్చారు. నాన్నకు ఓపిక తక్కువ ఉంటే పిండం పెట్టించి మూడేళ్లు ఆగడం కన్నా, పుట్టి పెరిగిన పెయ్యను కొనడమే నయం కావొచ్చు. నా మటుకు నాకు ఒకటి రెండు ఆవులున్న ఇంటికి ఇదే సరైన దారి అనిపిస్తుంది.

ఇంతకన్నా చౌకది కూడా ఉంది. లింగ నిర్ధారిత వీర్యం. వందకు 90 వరకూ ఆడదూడలే పుడతాయి. 2024 అక్టోబరులో విడుదల చేసిన స్వదేశీ ‘గౌ సార్ట్’ పరిజ్ఞానంతో డోసు ధర సుమారు 250 రూపాయలకు దిగింది. మామూలు సూది లాగే వేస్తారు. పిండం దాకా వెళ్లకుండానే చాలా ఇళ్ల అవసరం దీనితో తీరిపోతుంది.

అదే రోజు ‘గౌ చిప్’, గేదెలకు ‘మహిష్ చిప్’ కూడా విడుదలయ్యాయి. అంతకుముందే 2021లో హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఒంగోలు, గిర్, సాహివాల్ వంటి దేశీ జాతుల కోసం ‘ఇండిగౌ’ చిప్ తయారుచేసింది. చిప్ అంటే పశువు ఒంట్లో పెట్టేది కాదు, ల్యాబ్‌లో డీఎన్‌ఏ చదివే పలక. దూడగా ఉన్నప్పుడే రక్తమో వెంట్రుకో తీసి అది పెద్దయ్యాక ఎలా ఉంటుందో అంచనా వేస్తారు. కానీ చిప్ ఒక్కటే ఏమీ చెప్పదు. ఈ డీఎన్‌ఏ ఉన్న ఆవులు ఎన్ని లీటర్లు ఇచ్చాయి, ఎన్ని సూదులకు చూడి కట్టాయి, ఎప్పుడు ఈనాయి అనే రికార్డులతో కలిపితేనే అర్థం వస్తుంది. ముందు చెప్పిన ఆ వేల రికార్డులు ఇవే.

పశువు చెవికి వేసే పసుపు పోగు, దాని 12 అంకెల నంబరు గుర్తున్నాయా? చాలా ఇళ్లలో అది బీమాకో, పథకం డబ్బులకో అనుకుంటారు. సూది వేసిన ప్రతిసారీ, చూడి పరీక్ష చేసిన ప్రతిసారీ, ఈనిన రోజు ఆ నంబరు మీద భారత్ పశుధన్ యాప్‌లో నమోదు కావాలి. పొర్లిన సూదులు కూడా. నిలిచినవి మాత్రమే రాసి, నిలవనివి వదిలేస్తే అన్ని ఆవులూ ఒక్క సూదికే చూడి కట్టినట్టు కనిపిస్తాయి. ఏ వంశం నిలుపుకుంటుందో ఏది నిలుపుకోదో తేల్చే సమాచారమే మాయమవుతుంది. ఊళ్లో పనిచేసేవాళ్లకు టార్గెట్లు ఉంటాయి, పొర్లినవి రాయాలంటే చేతులు రావు. అది మానవ సహజం, కానీ దాని మూల్యం పదేళ్ల తర్వాత తెలుస్తుంది.

పాలు తాగేవాళ్ల సంగతి కూడా ఒక్క మాటలో. పిండ మార్పిడితో పుట్టిన ఆవు జన్యు మార్పిడి పశువు కాదు, క్లోన్ కూడా కాదు. దానికీ ఒక తల్లి, ఒక తండ్రి ఉన్నారు. దాని పాలు మామూలు పాలే.

ఇక నాన్న ఫోన్

ముందు ఆవు గురించి అడగండి. ఎన్ని ఈతలు? పోయిన ఈత తర్వాత ఎన్ని సూదులకు చూడి కట్టింది? మూడు నాలుగు సూదులకు గానీ నిలవని ఆవు అయితే, మాయ పడక గర్భసంచికి చీము పట్టిన ఆవు అయితే, ముందు వైద్యం. ఎముకలు తేలిన ఆవు అయితే రెండు నెలలు మేత, దాణా, ఖనిజ మిశ్రమం. మొదటి సూదికే చూడి కట్టే అలవాటున్న, ప్రతి 21 రోజులకు గడియారంలా ఎదకొచ్చే ఆవు ఉంటే, అది రోజుకు నాలుగు లీటర్లే ఇచ్చేదైనా సరే, మోయడానికి అదే మేలైనది. పది లీటర్లిచ్చే ముద్దుల ఆవును దీనికి ముందుకు తోయకండి. దానికి దాని సొంత దూడ కావాలి. చిన్న దేశీ పెయ్యకు పెద్ద హెచ్‌ఎఫ్ పిండం పెడితే ఈనేటప్పుడు దూడ అడ్డం పడుతుంది, తల్లికే ప్రమాదం.

తర్వాత పెట్టేవాళ్లను అడగాల్సినవి. పిండం తాజాదా, గడ్డకట్టించిందా? దాత ఆవు పాల రికార్డు కాగితం మీద ఉందా? దాతకు, ఆంబోతుకు జన్యు లోపాల పరీక్ష చేశారా? బ్రుసెల్లా పరీక్ష ఎవరు చేస్తారు? లింగ నిర్ధారిత వీర్యంతో చేసిందేనా? పోయిన ఏడాది ఎన్ని పెట్టారు, ఎన్ని దూడలు పుట్టాయి? ఈ చివరి ప్రశ్నకు ‘ఎన్ని నిలిచాయి’ అనే అంకె చెప్పి ఊరుకుంటే, పుట్టిన దూడల అంకె మళ్లీ అడగమనండి. నిలవకపోతే డబ్బు ఎవరిది, రెండోసారి ఉచితమా అన్నది రాయించుకోమనండి.

మండల పశువైద్యాధికారిని అడిగితే మీ జిల్లాలో ఈ సేవ అందుతోందో లేదో చెబుతారు. ఆవుకు అనారోగ్యమైతే 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది. పిండం పెట్టించాక నెల రోజులకు స్కానింగ్, రెండు నెలలు దాటాక చేత్తో మరోసారి చూడి పరీక్ష చేయించాలి. మొదటి పరీక్షలో ఉందని చెప్పి వెళ్లిపోయి, రెండోది మానేయడమే ఎక్కువగా జరిగేది. ఆ రెండో తేదీని మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆ రోజు ఊరికి ఫోన్ మీరే చేయండి.